గోల క్లాసు పక్క గది

"నా బలహీనత ఏమిటంటే, ఏ పనైనా పర్‌ఫెక్ట్‌గా చేసేదాకా నాకు నిద్రపట్టదండీ."

స్కూలు వరండాలో బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుని ఆమె ఈ జవాబు వల్లె వేస్తుంటే, బెంచీ అవతలి కొసన ఎవరో కిసుక్కున నవ్వారు.

తిరిగి చూసింది. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ఫైలు, నవ్వు ఆపుకోలేక అవస్థపడుతున్న మొహం.

"ఎందుకండీ నవ్వుతున్నారు?"

"ఏం లేదండీ. ఇందాక సైన్సావిడ కూడా ఇదే చెప్పుకుంటోంది. ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్లెవరికీ నిద్రపట్టదేమోనని."

"మీరేం చెప్తారో?"

"నేను లెక్కల పోస్టుకి వచ్చానండీ. ఉన్నదే చెప్తాను. నా చేతిరాత నాకే అర్థం కాదని."

"పక్కవాళ్ల మాటలు చెవులు రిక్కించి వినే అలవాటుందని కూడా చెప్పండి," అని ఆమె మూతి ముడుచుకుని మళ్లీ గోడవైపు తిరిగింది.

పాపం, ఆ రోజు ఆమెకు నవ్వులాటలు పట్టే ఓపిక లేదు. ఆమె భాష టీచరు. ముందు స్కూల్లో ఆమె క్లాసు సంతలా ఉంటోందని పక్క గదులవాళ్లు గొడవ చేస్తే, ఏడాది పూర్తికాకుండానే పంపించేశారు. ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ "అక్కడెందుకు మానేశారు?" అనే ప్రశ్న దగ్గరే బండి ఆగిపోయేది. "సొంత కారణాలండీ," అని ఆమె నేలచూపులు చూసేది. అవతలివాళ్లు ఫైలు మూసేసేవాళ్లు. ఇవాళ కూడా కుదరకపోతే సోమవారం నుంచి అన్నయ్య కొరియర్ ఆఫీసులో ఫోన్లెత్తాలి. అన్నయ్య మంచివాడే. కానీ ఆమెకు కావలసింది క్లాసు.

ఈ స్కూల్లో ఒక పద్ధతుంది. ఇంటర్వ్యూకి ముందు పాఠం చెప్పి చూపించాలి. సెలవురోజు కాబట్టి, మిగతా పోస్టులకు వచ్చినవాళ్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారు. హెడ్‌మిస్ట్రెస్, కమిటీ పెద్దాయన ఓ పక్కన కూర్చుని చూస్తారు.

తన వంతు రాగానే ఆమె తన గొడుగు తీసి టేబుల్ మీద పెట్టింది. "ఇది బస్సులో దొరికింది. ఎవరిదో వాళ్లు ఆనవాళ్లు చెప్పి తీసుకెళ్లాలి."

"అది నల్లని గొడుగు," అంది సైన్సావిడ చేతులు కట్టుకుని. అంతే. క్లాసంతా బుద్ధిమంతుల్లా కూర్చుంది. పెద్దాయన ఆవులించాడు.

"టీచర్, అది నాది." చివరి బెంచీలోంచి లెక్కలబ్బాయి లేచాడు. "ఒక చువ్వ వంగి ఉంటుంది చూడండి."

వరండాలో గమనించినట్టున్నాడు. "ఎలా వంగింది?" అంది.

"మా చెల్లిని కొడితే వంగింది, టీచర్."

"అబద్ధం, టీచర్," అని సైన్సావిడ చేతులు విప్పేసింది. "అది నాది. పిడికి ఆ ఎర్రదారం నేనే కట్టాను."

"ఎందుకు కట్టిందో చెప్పమనండి, టీచర్."

"ఇలాంటివాళ్లు ఎత్తుకుపోతారనే కట్టాను."

"ఇద్దరూ దొంగలే. అది మా తాతగారిది," అని డ్రాయింగ్ మాస్టారు పైకి లేచాడు. ఇక గది గదంతా లేచింది. ఆమె ఇంటర్వ్యూ సంగతే మర్చిపోయి, ఒకరితో సాక్ష్యం చెప్పించింది, ఇంకొకరితో వాదింపజేసింది. పెద్దాయన కూడా నిద్రమత్తు వదిలి, "ఆ అబ్బాయి మాటల్లో పొంతన లేదు," అని తీర్పు చెప్పాడు.

అప్పుడు తలుపు తోసుకుని పక్క గది క్లర్కు వచ్చాడు. "కాస్త నెమ్మదిగా, మేడం. అవతల ఫోన్లో ఏమీ వినబడటం లేదు."

మళ్లీ అదే కథ. ఆమె చెయ్యెత్తి, "ఇప్పుడు మిగతా వాదనంతా గుసగుసల్లో," అంది. గది సద్దుమణిగింది. గుసగుసల్లో లెక్కలబ్బాయే నెగ్గి గొడుగు పట్టుకుపోయాడు.

పాఠం అయ్యాక బయటికి వెళ్తూ ఆమె అతని బెంచీ దగ్గర ఆగింది. "వరండాలో అన్నదానికి పగ తీరిందా?"

అతను నోరు తెరిచేలోపే ఆమెకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

"ముందు స్కూలు ఎందుకు మానేశావమ్మా?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

సొంత కారణాలు నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ క్లర్కు వచ్చి వెళ్లాక దాచడానికి ఇంకేముంది?

"నేను మానలేదండీ. మాన్పించారు. క్లాసులో గోల ఎక్కువని. ఇందాక మీరు విన్నదే."

"మరి మార్చుకోకూడదూ?"

"సద్దుమణిగించడం నేర్చుకున్నానండీ. అసలు లేకుండా చెయ్యడం నాకు చేతకాదు. నోరు కట్టేస్తే పిల్లలకు భాషెలా వస్తుంది? తప్పులతోనైనా మాట్లాడాలి."

"పక్క గది టీచరు రోజూ నా మీదికొస్తే ఏం చెప్పమంటావు?"

దీనికి ఆమె ఏ జవాబూ వల్లెవేసుకోలేదు. "తెలీదండీ. వెళ్లి క్షమించమంటాను. మర్నాడు మళ్లీ గోల చేస్తాను."

పెద్దాయన నవ్వు కనబడకుండా కండువాతో నోరు కప్పుకున్నాడు. "బయట కూర్చోమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్.

లెక్కలబ్బాయి లోపలికెళ్లి వచ్చేసరికి వాన మొదలైంది. ఆమెను మళ్లీ పిలిచారు.

"నీ పాఠం మాకు నచ్చింది," అంది హెడ్‌మిస్ట్రెస్. "మా బెంగంతా పక్క గది గురించే. అక్కడ కూర్చోవడానికి ఎవరొప్పుకుంటారా అని చూశాం. లెక్కల మాస్టారిని అడిగితే, గోల మొదలెట్టింది తనే కాబట్టి ఆ గది తనకే ఇమ్మన్నాడు. సోమవారం ఇద్దరూ వచ్చెయ్యండి."

వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. ఇంటికి ఫోన్ చేసింది.

"వచ్చింది నాన్నా."

"గోల సంగతి చెప్పావా తల్లీ?"

"చెప్పేశాను నాన్నా."

"అమ్మయ్య," అన్నాడు నాన్న. "మీ అన్నయ్యతో నేను మాట్లాడతాలే."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. పక్కన లెక్కలబ్బాయి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పగ కాదండీ," అన్నాడు. "పొద్దున్నుంచీ ప్రతి పాఠానికీ ఆ పెద్దాయన నిద్రపోయాడు. మీ పాఠం బాగుంది. అది కూడా వినకుండా పడుకుంటారేమోనని భయమేసింది."

"మరి ఆ గది ఎందుకడిగారు? లెక్కలు తప్పుతాయి."

"తప్పితే మళ్లీ చేసుకుంటాను. మీ గొంతు వినబడేచోటే ఉండాలనిపించింది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇది వల్లెవేసిన జవాబు కాదండీ."

కాదని చూస్తేనే తెలుస్తోంది. పొద్దుట్నుంచి గుండెల మీదున్న బరువంతా దిగి, ఆమెకు ఒక్కసారిగా నవ్వొచ్చింది.

"నా గొడుగివ్వండి."

"ఆనవాళ్లు చెప్పి తీసుకోండి, టీచర్."

"నల్లది. చువ్వ వంగింది. ఎర్రదారం."

"అవి క్లాసందరికీ తెలుసు. ఇంకా?"

ఆమె వాన వంక చూసింది, అతని వంక చూసింది.

"ఇద్దరికి సరిపోతుంది," అంది.