ఎర్ర అంచు అందరికీ కనపడాల

“దాసప్ప సంగతి బయటపడింది. పెనుకొండ కోట దగ్గరికి వాళ్లు పిలిచింది మీటింగుకు కాదు, చంపేదానికి.”

సెల్‌లో చీఫ్ ప్రమీలమ్మ గొంతు. హిందూపురంలో ఆమెది లేడీస్ టైలరింగ్ షాపని బోర్డు చెబుతుంది. ఆ బోర్డు వెనకాల నడిచేది గూఢచారి విభాగం.

ధర్మవరంలో, పట్టుచీరల షోరూము వెనక గదిలో ఏజెంట్ నాజ్నీన్ చటుక్కున కంప్యూటరు ముందు కూర్చుంది. అది 2003వ సంవత్సరం. ఊరివాళ్ల లెక్కలో ఆమె చీరల కమిషన్ ఏజెంటు.

“టైమెంత ఉండాది మేడమ్?”

“అరగంట కూడా లేదు. ఈడనుంచి జీపు పంపినా. అందుకుంటాదో లేదో! సైట్‌లో సిగ్నల్ పెట్టు.”

దాసప్ప గొర్రెల వ్యాపారి వేషంలో విదేశీ ముఠాలో దూరిన మన మనిషి. బెంగళూరు నుంచి క్షిపణి బ్లూప్రింట్లు దాటించే ముఠా అది. సెల్ ఉంటే అనుమానమని ఆయన ఫోన్ పెట్టుకోడు. ప్రతి మీటింగుకు ముందు పెనుకొండలో ఒక బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని ఈ షోరూము వెబ్‌సైట్ తెరుస్తాడు. మొదటి చీరకు పచ్చ అంచు ఉంటే పోవాలి. ఎర్ర అంచు ఉంటే పారిపోవాలి. లైను బాగాలేక ఏమీ కనపడకపోతే, అనుకున్నట్టే మీటింగుకు పోవాలి.

నాజ్నీన్ సైట్ తెరిచి అదిరిపడింది. నిన్నటిదాకా ఉన్న తన సాదా పేజీ మాయమైంది. ఫ్లాష్ యానిమేషన్‌లో తెర తొలగింది, పట్టుకొంగు గాలికి ఎగిరింది, వీణ మోగింది, ఆ తర్వాత గానీ చీరలు దర్శనమివ్వలేదు.

“ఎలా ఉంది?”

గుమ్మంలో నీలావతి. హెడ్డాఫీసు పంపిన డిజైన్ ఎక్స్‌పర్ట్. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు. ఆమె నడిచొస్తే షోరూములో బేరాలు ఆగిపోతాయి.

“నా పేజీ యాడ పెట్టినావు?”

“తీసేశాను. చీఫ్ అప్రూవల్ ఉంది. చీఫ్ చెప్పగానే ఎర్ర అంచు చీర కూడా పెట్టేశాను, చూడు. ఎంత రిచ్‌గా ఉందో!”

నిజంగానే బాగుంది. నాజ్నీన్‌కు ఒళ్లు మండింది. “పాత బ్రౌజర్‌లో ఇది తెరుచుకోదు. తెల్లగోడ మాదిరి కనపడుతుంది.”

నీలావతి నవ్వింది. “బొమ్మలు ఆఫ్ చేసుకుని చూసేవాళ్ల కోసం డిజైన్ పాడుచేసుకుంటామా?”

నాజ్నీన్ అన్నది పాత బ్రౌజరని. బొమ్మలు ఆఫ్ అనే మాటే ఎత్తలేదు. పెనుకొండ సెంటర్లో లైను నత్తనడక. అందుకే ఓనరు అన్ని కంప్యూటర్లలోనూ బొమ్మలు ఆఫ్ చేసి పెడతాడు, మెయిలు త్వరగా తెరుచుకుంటుందని. అందుకే ఆమె ప్రతి చీర కింద అంచు రంగు మాటల్లో రాసేది. దాసప్ప కూర్చునేది ఏ సెంటర్లోనో ఆమె చీఫ్‌కు కూడా చెప్పలేదు. మరి ఈ మహాతల్లికి ఎలా తెలిసింది? ఆయన వెనకాలే పోయి, ఆ కుర్చీలో కూర్చుని చూసివచ్చింది. తెలిసే కట్టింది, ఈ అందమైన గోడ.

నాజ్నీన్ సెంటర్‌కు ఫోన్ కొట్టింది. ఎంగేజ్. నెట్ కనెక్టయి ఉంటే ఆ లైను దొరకదు. మళ్లీ చీఫ్‌కు కొట్టింది.

“పాత పేజీ మళ్లీ పెడతాండా మేడమ్.”

“కొత్తదాన్ని ముట్టొద్దు! పైవాళ్లకు చూపించినా, శానా మెచ్చుకున్నారు. ఇది ఆర్డర్.”

“దాసప్ప చూసే కంప్యూటర్లో అది కనపడదు. ఈ ఆర్డర్ నేను వినను. అందం వద్దని ఎప్పుడూ అనలా. ముందు మాట కనపడాల, తర్వాతే బొమ్మ. నా ఉద్యోగం తీసుకోండి, మనిషిని మాత్రం ఇయ్యను.”

ఫోన్ పెట్టేసి, ఆకువక్కల సంచిలోంచి పాత పేజీ దాచిన ఫ్లాపీ తీసి కంప్యూటర్లో దూర్చింది. వెనక క్లిక్‌మని చప్పుడైంది. నీలావతి చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. దాని మూతి నాజ్నీన్ తలకేసి చూస్తోంది.

“లే.”

“కాల్చుకో. ఇది పంపేదాకా లేసేది లేదు.”

నాజ్నీన్ ఎడమచెయ్యి పక్కనున్న మగ్గం మీది నాడెను, పోగు నేసే ఆ బరువైన కొయ్యను, అందుకుని విసిరింది. అది నీలావతి మణికట్టుకు తగిలింది. గుండు గురితప్పి మానిటర్‌లో దూరింది. గాజు భళ్లున పగిలింది. కంటికి ఏమీ కనపడని ఆ గందరగోళంలో వేళ్లు మాత్రం ఆగలేదు. మిగిలిన కమాండ్ గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కింది.

చప్పుడుకు పక్కనున్న మగ్గాల షెడ్డులోంచి పరుగెత్తి వచ్చిన నేతగాళ్లు నీలావతిని ఒడిసిపట్టారు. పాత పేజీ సైట్‌కు చేరిందా లేదా? చెప్పడానికి స్క్రీను లేదు. నాజ్నీన్ సెల్ పట్టుకుని, ఏడుపును పళ్ల మధ్య నొక్కిపెట్టి కూర్చుంది.

సెల్ మోగింది. ఏదో ఎస్టీడీ బూత్ నంబరు.

“అమ్మా, నేను దాసప్పను. ముందు తెరిస్తే అంతా తెల్లగా ఉండె. లేసి పోతాంటే సెంటరాయన ‘ఇంకోసారి నొక్కప్పా’ అనె. నొక్కితే రెడ్ బార్డర్ అని అక్షరాలొచ్చె. ఇంగ యాడికీ పోను, ఈడే ఉండా.”

నాజ్నీన్ అప్పుడు ఏడ్చింది, సిగ్గుపడకుండా.

కోట దగ్గర దాసప్ప కోసం కాచుకున్నవాళ్లకు జీపు ఎదురైంది. బ్లూప్రింట్లు వాళ్ల కారులోనే దొరికాయి. మరుసటి రోజు ప్రమీలమ్మ స్వయంగా ధర్మవరం వచ్చి, కొత్త మానిటర్ ముందు కూర్చుని, పాత పేజీని ఎగాదిగా చూసింది.

“నువ్వు గెలిచినావులే. అయినా ఏమే, ఇంత బోడిగా ఉండాది? ఒక నక్షత్రమన్నా పెట్టు.”

నాజ్నీన్ వెంటనే పెట్టింది, కీబోర్డులో ఎనిమిది అంకె మీద ఉండే నక్షత్రాన్ని.