మూడు చక్రాల పని

"నీకు కారు బ్రేకులు మార్చడం వచ్చా?" అన్నాడు చీఫ్.

తాళాలు తీయడం, వేషాలు మార్చడం, కన్నార్పకుండా అబద్ధాలాడటం వచ్చిన సీక్రెట్ ఏజెంట్‌కు ఆ ప్రశ్న చిన్నతనంగా తోచింది. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ గోరింక.

"నేర్చుకుంటాను సార్."

"వారంలో నేర్చుకో. మన యుద్ధవిమానాల కంట్రోల్ చిప్‌ను ఒక విదేశీ ముఠా కొట్టేసింది. ఒక కారులో దాచి సరిహద్దు దాటిస్తోంది. కొండదారి ఎక్కే ముందు ఆ కారు బ్రేకుల పనికి గ్యారేజీకి వస్తుంది. మెకానిక్‌వి నువ్వే. ముఠాలో సెక్రటరీగా చేరిన మన ఏజెంట్ నెమలి కారు తెస్తుంది."

"చిప్ దాటిపోతే?"

"మన విమానం ఇంజన్‌ని వాళ్లు గాల్లోనే ఆపేస్తారు."

గోరింక లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఆ విమానాలు నడిపేవాళ్లలో అతని తమ్ముడొకడు.

"మీ వాడికి ఒక్క ముక్క కూడా చెప్పకు," అన్నాడు చీఫ్.

చెప్పలేదు. కానీ వారమంతా కంటిమీద కునుకు లేదు. రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అని అడుగుతుంటే తమ్ముడు నవ్వేవాడు. "ఏంటన్నయ్యా, పెళ్లిచూపులేమైనా కుదిర్చావా?" ఇక పని సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్రేకులు బిగించిన మొదటి రోజే ఒక పాత వ్యాన్‌ని తిన్నగా గేటు దగ్గరి టైర్ల గుట్టలోకి తోలి, గ్యారేజీ మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాడు.

అనుకున్న రోజున బూడిదరంగు కారు వచ్చింది. అందులోంచి తెల్లకోటు, ఎర్రటి పెదవులతో నెమలి దిగింది. గ్యారేజీలో ఇంకెవరూ లేరు.

"వాన వచ్చేలా ఉందా?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను మేడం."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "కారంతా గాలించాను. చిప్ స్పేర్ టైర్లో ఉండాలి. అది చూసి త్వరగా బ్రేకులు మార్చు. మూడు చక్రాలకు చాలు. వెనక కుడివైపుది బాగానే ఉంది."

గోరింక స్పేర్ టైరును చీల్చాడు. గాలి తప్ప ఏమీ లేదు. చేసేది లేక జాకీ వేశాడు. బ్రేకు ప్యాడ్‌లను పట్టి ఉంచే కాలిపర్ విప్పితే, అవి ఇనుము బయటపడేదాకా అరిగిపోయి ఉన్నాయి, అవి అదిమే రోటర్ పళ్లెం నిండా గాడులు. కొత్త రోటర్ ఎక్కించి, కొత్త ప్యాడ్‌లు పట్టేలా కాలిపర్‌లో వాటిని ముందుకు తోసే పిస్టన్‌ను క్లాంప్‌తో వెనక్కి నొక్కాడు. నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది. మూడు చక్రాలూ అలాగే అయ్యాయి. చిప్ జాడ లేదు.

బ్రేకులు చెప్పుల్లాంటివి, జతగానే మార్చాలని మేస్త్రీ లక్షసార్లు చెప్పాడు. మరి ఈవిడ మూడే అంటుందేమిటి?

నెమలి ఫోన్ మాట్లాడటానికి పక్కకు వెళ్లగానే నాలుగో చక్రం ఊడదీశాడు. రోటర్ మీద దళసరిగా తుప్పు! రోజూ బ్రేకు పడే రోటర్‌కు తుప్పెక్కడిది? అంటే ఈ చక్రానికి బ్రేకే పడటం లేదు. దాని బరువు కూడా మోసి మిగతా మూడూ అరిగిపోయాయి. ఎవరో కావాలనే ఆపారంటే, బ్రేకు వేడి తగిలితే పాడైపోయేదేదో ఇక్కడుంది.

ప్యాడ్ తీశాడు. పిస్టన్ గుంటలో, మైనపు కాగితంలో చుట్టిన చిప్.

"మూడు చక్రాలు చాలన్నానుగా," అంది నెమలి వెనకనుంచి. ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని కొన మాత్రం ఎర్రగా లేదు, తుపాకీ గొట్టంలా బోలుగా ఉంది. "ఉన్నదున్నట్టు బిగించు."

"నువ్వా! మనవాళ్ల ప్రాణాలు పోతాయి."

"పోనీ. మీ డిపార్ట్‌మెంట్ నాకు ఇన్నేళ్లూ ఇచ్చింది కోడ్‌నేమ్ ఒక్కటే."

గోరింక చిప్‌ను గుంటలోనే ఉంచి ప్యాడ్ ఎక్కించాడు. చక్రం బిగించి, కారు కిందికి దించాడు. ఆమె అతని చేతిని స్తంభానికి బేడీతో తగిలించింది.

"చంపేదాన్నే. నెత్తురు పడితే తెల్లకోటు పాడవుతుంది. అవునూ, బ్రేకులు పడతాయా?"

"కొత్త సామాను మేడం. నొక్కి చూడండి."

ఆమె నవ్వి ఇంజన్ స్టార్ట్ చేసింది. కారు రివ్వున గేటు వైపు దూసుకుపోయింది. అది రోడ్డెక్కిందంటే తమ్ముడి ప్రాణం ఆ ముఠా గుప్పిట్లో ఉన్నట్టే. గేటు దగ్గర మలుపు. ఆమె బ్రేకు నొక్కింది. పెడల్ అడుక్కంటా పోయింది, కారు మాత్రం ఆగలేదు. టైర్ల గుట్టలోకి ముక్కు దూర్చేసింది.

గోరింక వాచీలో దాచిన తీగతో బేడీ ఊడదీసుకుని పరుగెత్తాడు. ఎయిర్‌బ్యాగ్ మధ్య ఇరుక్కుని నెమలి గిలగిల్లాడుతోంది. లిప్‌స్టిక్ లాక్కుని, అదే బేడీ ఆమె చేతికి వేశాడు.

"బ్రేకులు ఊడబీకావా, దొంగ వెధవా!"

"అయ్యో, బాగా బిగించాను మేడం. వెనక్కి నొక్కిన పిస్టన్ మళ్లీ ప్యాడ్‌ను అందుకోవాలంటే ముందు పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కాలి. మొదటి రోజు నేనూ తొక్కలేదు. ఇదిగో, ఈ టైర్లలోకే వచ్చాను."

నాలుగో చక్రం మళ్లీ ఊడదీసి చిప్ జేబులో వేసుకున్నాడు. తమ్ముడికి ఫోన్ చేశాడు.

"తిన్నాను అన్నయ్యా," అన్నాడు వాడు ఎత్తగానే. "అది సరేగానీ, నా కారు బ్రేకులు కీచుమంటున్నాయి. నీకు తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నాడా?"

"ఉన్నాడు. మంచివాడే. కాకపోతే పనయ్యాక వాడు చెప్పేదాకా కారెక్కకు."