వాటికి తిండెవరు పెట్టమన్నారు?

"వీటికి తిండెవరు పెట్టమన్నారు నిన్ను?"

ఆమె అరుపుకి ల్యాబ్ దద్దరిల్లింది. చేతిలో ఫ్లాస్కు. తను సెలవు పెట్టిన రోజు తేటగా ఉన్న నీళ్లు, ఇప్పుడు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి.

ఎదురుగా కొత్త రీసెర్చ్ స్కాలర్, అందరూ 'పొడుగు' అని పిలిచే కుర్రాడు, తల వంచుకుని నిలబడ్డాడు. వంచినా ఆమెకంటే ఎత్తే. అందుక్కూడా ఆమెకి ఒళ్లు మండింది.

"మీ అక్క పెళ్లి హడావుడిలో మర్చిపోయారనుకున్నానండీ. ఉత్త ఉప్పునీళ్లలో పాపం మాడిపోతున్నాయని, కాస్త పోషకాల బ్రాత్ పోశాను."

"పాపమా? అవి టైఫాయిడ్ బ్యాక్టీరియా! నా మేనల్లుళ్లు కాదు!"

వాటిని ఆకలితో మాడ్చడమే ఆమె పరిశోధన. తిండి లేకపోయినా అవి అంత తేలిగ్గా చావవు. ఒళ్లు కుదించుకుని, పెరగడం మానేసి, మొండిగా కాచుక్కూర్చుంటాయి. ఎలాగన్నదే థీసిస్. నెలల తరబడి కడుపు మాడ్చిన వాటికి ఈ మహానుభావుడు విందు చేసిపెట్టాడు. ఒక్క ఫ్లాస్కూ మిగల్చలేదు. థీసిస్ మళ్లీ మొదటికొచ్చింది.

వారమంతా తిట్టింది. క్యాంటీన్‌లో తిట్టింది, మెట్ల మీద తిట్టింది. వానలో అతని గొడుగు లాక్కుని మరీ తిట్టింది. అతను తడుస్తూ పక్కన నడుస్తుంటే, "జ్వరం తెచ్చుకుని సెలవు పెడదామనా? లోపలికి రా!" అని దానికీ తిట్టింది. ఇంటికి ఫోన్ చేసినా అదే గోల.

"ఎవరి గురించీ ఇంతసేపు మాట్లాడలేదే నువ్వు," అంది అమ్మ.

ఆమె ఠక్కున ఫోన్ పెట్టేసింది.

సోమవారం అతని బల్ల ఖాళీగా ఉంది.

"తప్పు తనదేనని వచ్చి ఒప్పుకున్నాడు. కింది ల్యాబ్‌కి మారతానంటే సరేనన్నాను. నీకు పీడ వదిలింది," అంది గైడ్ మేడమ్.

వదల్లేదు. గుండె కలుక్కుమంది. ఆ వెంటనే కోపం నషాళానికంటింది. గబగబా మెట్లు దిగి కింది ల్యాబ్ తలుపు తోసింది.

"నాతో చెప్పకుండా వెళ్లిపోతావా? పాడుచేసింది నువ్వు. మళ్లీ మొదలుపెట్టడానికి నేనొక్కదాన్నేనా?"

"నన్ను చూస్తే మీకు కోపం వస్తోంది కదండీ..."

"వస్తుంది! చూడకపోతే ఇంకా ఎక్కువ వస్తుంది! పొద్దున్నించీ ఆ ఖాళీ బల్ల చూసి ఏడుపొస్తోంది నాకు. తిట్టడానికి నాకు నువ్వే కావాలి. ఇంకెవరూ వద్దు."

ల్యాబంతా పనులాపేసి వింటోంది. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎన్నాళ్లు తిడతారు?"

"థీసిస్ అయ్యాకా తిడతా. పెళ్లయ్యాకా తిడతా."

"పెళ్లా? ఎవరితో?"

"నీతోనే! ఎవరితో అంటాడేంటి! నవ్వింది చాలు, పద, మేడమ్‌తో చెప్పి నీ బల్ల నీకిప్పిస్తాను."