చుక్క పడని గళ్ళు

డాక్టర్ కాత్యాయని లాబ్ వెనకాల పచ్చికలో మూడు స్ప్రింక్లర్లు ఒకేసారి తిరుగుతున్నాయి. పచ్చిక మధ్యలో పాత పేపర్లు పరిచి, వంశీధర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కాగితాన్నీ తడిమి చూస్తున్నాడు. కాగితం తడిస్తే ఆ మిషను అతనికి పనికిరాదు.

"అందరూ నీళ్ళు ఎంత దూరం పడతాయని అడుగుతారండీ. పడకుండా ఉంటాయా అని అడిగింది మీరొక్కరే!" అంది కాత్యాయని నవ్వుతూ.

అతను నవ్వలేదు. ఆవిడా నవ్వు ఆపేసింది.

ఆ రోజుల్లో అనంతపురం మనమెరిగిన అనంతపురం కాదు. ఎండలు ముదిరి మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే, ప్రతి ఇంటి ముందూ పచ్చిక పెంచి తీరాలని కార్పొరేషన్ కొత్తగా ఆర్డరు వేసింది. పచ్చిక వదిలే తేమతో వీధి వీధంతా చల్లబడుతుంది మరి. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసి పైపుల్లో పంపేవారు. ఎవరి వాకిట్లోనైనా గడ్డి ఎండిందో, బండి వచ్చి వాకిలంతా రోలర్‌తో చదును చేసి కొత్త పచ్చికను చాపలా పరిచి పోయేది. ఏడ్చినా మొత్తుకున్నా వినేవాడు లేడు. అందుకే ఊళ్ళో ఇల్లు కట్టినవాడు తలుపుల కంటే ముందు స్ప్రింక్లర్ ఎంచుకునేవాడు.

వంశీధర్ బాధ వేరు. అతని వాకిట్లో ఒక మూల తొక్కుడుబిళ్ళ గళ్ళున్నాయి. రెండేళ్ళ కిందట, ఆ ఏడు పడిన ఒకే ఒక్క వాన వెలిశాక, అతని కూతురు మేధిని తడి బంకమట్టి మీద పుల్లతో గళ్ళు గీసి ఒంటికాలి మీద గెంతింది. గడికొక పాదం ముద్ర. వేళ్ళతో సహా. ఆ వారంలోనే జ్వరం వచ్చి పిల్ల పోయింది. ముద్రలు మిగిలాయి. ఆ తరవాత మళ్ళీ వాన పడలేదు.

అప్పటినుంచీ మొగుడూ పెళ్ళామూ ఆ మూలకి అడుగు పెట్టలేదు. ఆ ముద్రలను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. చుట్టూ గడ్డి పచ్చగా ఉండాలి, గళ్ళ మీద మాత్రం గడ్డి మొలవకూడదు. గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్ పెడితే ముద్రలు కరిగిపోతాయి. అటూ ఇటూ ఊగేది పెడితే గాలి వాటానికి జల్లు కొడుతుంది. ఏది పెట్టాలో తెలియక అతను ఊళ్ళో ఎక్కని షాపు లేదు.

"మూడోది చూడండి" అంది కాత్యాయని. "దీని తలలో జెట్లు వందల్లో ఉన్నాయి. గాలి ఎటు వీస్తోందో సెన్సర్ కనిపెడుతుంది, దానికి తగ్గట్టు చుక్కను విసురుతుంది. మీరు ఫోను పట్టుకుని ఒక చోటు చుట్టూ నడిచారనుకోండి, అదే హద్దు. లోపల చుక్క పడదు. పక్కనుంచి తడి పాకినా వేడిగాలి ఊది ఆరబెట్టేస్తుంది."

వంశీధర్ కాగితాలు తడిమాడు. ఒక్కటీ తడవలేదు. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

మిషను బిగించిన రోజు భార్య హిమజ గుమ్మంలో నిలబడి చూసింది. చేతిలో చిన్న చెంబు.

"అదేంటి హిమా?"

"ఏం లేదు. పొద్దున్నే ఆ మూల కాసిని నీళ్ళు... దూరం నుంచే చల్లుతుంటాను."

"అయ్యయ్యో, వద్దు! తడి తగిలితే గడ్డి మొలుస్తుంది. ఇంత వెతికి తెచ్చింది ఎందుకూ? ఇక నువ్వేమీ చెయ్యక్కర్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది."

అతని మొహంలో అంత వెలుగు ఆవిడ చాలా కాలానికి చూసింది. సరేనని చెంబు లోపల పెట్టేసింది.

మిషను చెప్పినట్టే చేసింది. వాకిలి పచ్చగా నవనవలాడింది. కార్పొరేషన్ మనిషి వచ్చి మెచ్చుకుని పోయాడు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. అది తగ్గాక వంశీధర్ బయటికి వచ్చి చూస్తే గళ్ళలో ముద్రల్లేవు. వేలి గుర్తు ఒక్కటి లేదు. మెత్తటి దుమ్ము మిగిలింది, అంతే.

కబురందుకుని పరుగున వచ్చిన కాత్యాయని మిషను తెరిచి చూసింది.

"ఆ గళ్ళలో ఒక్క చుక్క కూడా పడలేదండీ. మిషను తప్పేం లేదు" అంది. మళ్ళీ గళ్ళకేసి చూసి, "రెండేళ్ళు నిలిచిన ముద్రలు రెండు నెలల్లో ఎలా పోయాయి? ఇంతకుముందు అక్కడ ఏమైనా చేసేవారా?" అని అడిగింది.

"నేను కళ్ళాపి చల్లేదాన్నండీ" అంది హిమజ. "పాలవాళ్ళ దగ్గర కాస్త పేడ తెచ్చుకుని, పల్చగా కలిపి. వాకిలి కదా అని. పిల్ల లేచే వేళకి కళ్ళాపి చల్లి ఉంచడం అలవాటు నాకు. అలవాటు పోలేదు."

కాత్యాయని తల దించుకుంది. "ఆ పేడనీళ్ళే పొరలా కట్టి మట్టిని పట్టి ఉంచాయమ్మా. అది ఆగిపోయింది. పైగా నా మిషను వేడిగాలి ఊదింది."

వంశీధర్ భార్య వైపు తిరిగాడు. "కళ్ళాపి అని నాకెందుకు చెప్పలేదు హిమా? ఒక్క మాట అనుంటే ఆపమనేవాణ్ణి కాదు కదా!"

"మట్టి నిలవడానికని నాకు మాత్రం తెలుసా? పిల్లకోసం నువ్వు ఏదో చెయ్యగలిగావని అంత సంబరపడ్డావు. కాదనడానికి నాకు నోరు రాలేదు."

అతను వాకిట్లోనే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"ఇక అక్కడ కూడా తడపమనండి" అన్నాడు చాలాసేపటికి.

"అది నేను చెయ్యలేనండీ" అంది కాత్యాయని. "పొరపాటున ఎవరూ హద్దు చెరిపెయ్యకూడదని అలా పెట్టాను. అది పోవాలంటే ఇంటివాళ్ళే ఫోను పట్టుకుని గళ్ళ లోపలికి వెళ్ళి, అంతా తొక్కుతూ నడవాలి."

అతను లేచి గడి అంచు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎంత ప్రయత్నించినా కాలు లేవలేదు. హిమజ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"పద. ఇప్పుడు తొక్కినా ఏం చెడదు" అంది.