మాట ఆగనంత వేగం

“అయితే బూట్లకి కాళ్లొచ్చి వాటంతటవే వెళ్లిపోయాయంటావా అమ్మా?” మంచం కింద నుంచి మూడోసారి తల బయటికి తీస్తూ అడిగాడు కొడుకు.

“నన్నడుగుతావేంట్రా? ఈ ఇంట్లో పరిగెత్తేది నువ్వొక్కడివేగా!” పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అంది తల్లి. తిరిగితే మొహమే పట్టిచ్చేస్తుందని ఆమెకు తెలుసు. లెక్కల టీచరుగా ఎంతమంది పిల్లల అబద్ధాలు పట్టుకుందో గానీ, తనకి మాత్రం నమ్మేలా ఒక్క అబద్ధం చెప్పడం ఏనాడూ చేతకాలేదు.

“ఇంక మిగిలింది బీరువా ఒక్కటే,” అంటూ అతను పై అర తెరిచాడు. పాత దుప్పట్ల కింద బూట్ల జత దొరికింది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

“లేసులేవీ?” అన్నాడతను.

లేసుల సంగతి ఆమెకూ తెలియదు. అనుమానంగా భర్త వైపు చూసింది. ఆయన పేపరును మొహానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. చొక్కా జేబులోంచి తెల్లటి లేసు కొస వేలాడుతోంది.

“నాన్నా, మీరు కూడానా!”

“మాసిపోయాయని తీశాన్రా.”

“మరి లోపలుండే మెత్తటి అట్టలు?”

అద్దం ముందు తల దువ్వుకుంటున్న కోడలి చెయ్యి ఆగింది. “అవి నేను ఉతికి ఆరేశానండీ.”

“ఎక్కడ?”

“నేను పనిచేసే కళ్లద్దాల షాపులో.”

ఇంకో రోజైతే నలుగురూ పడీ పడీ నవ్వేవాళ్లే. ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన దొంగతనం మరి! కానీ కొడుకు నవ్వలేదు. బూట్లు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

“డాక్టరు పరిగెత్తచ్చన్నప్పుడు మీ ముగ్గురూ పక్కనే ఉన్నారు. ముగ్గురూ తలూపారు.”

“తలూపక డాక్టరుతో పోట్లాడతామా?” ఆమె ఇక ఆగలేకపోయింది. “ఆయనకేం, చెప్పి ఇంకో పేషెంటుని పిలుస్తాడు. ఆ రోజు ఫోన్ చేసింది ఆయన కాదు, నేను. వచ్చేటప్పుడు పాలు తెమ్మందామని చేశాను. ఎవరో పరాయి మనిషి ఎత్తి, ‘ఈ ఫోను ఎవరిదమ్మా, ఈయన పార్కు దారిలో పడిపోయున్నాడు’ అన్నాడు. ఇప్పటికీ నువ్వు ఫోన్ ఎత్తడం క్షణం ఆలస్యమైతే నా చేతులు చల్లబడిపోతాయిరా. గుండెలో స్టెంట్ వేసింది నీకే. కానీ దడ మాత్రం నన్ను పట్టుకుని వదలట్లేదు.”

కుక్కరు కూత వేసింది. కోడలు వెళ్లి పొయ్యి కట్టేసింది.

“నాకు భయం లేదనుకున్నావా?” అన్నాడతను. “మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాను. పడుకుంటే దిండులోంచి నా గుండె చప్పుడే వినబడుతుంది. కొట్టుకుంటోందా లేదా అని కాపలా కాస్తుంటాను. నేనేమన్నా పోటీలకి వెళ్తానంటున్నానా? అప్పుడు కూడా ముసలాళ్లు నడుస్తూ నన్ను దాటిపోయేవాళ్లు. కానీ పరిగెత్తినంతసేపూ నాకు ఇంకేదీ గుర్తుండేది కాదమ్మా. ఇప్పుడు రోజంతా ఒకటే గుర్తుంటోంది.”

ఇన్నాళ్లూ బూట్లు దాస్తే సరిపోతుందనుకుంది తల్లి. భయం వాడి దిండులో దాక్కుని ఉందని ఆమెకు తట్టనేలేదు.

కోడలు మెల్లిగా అంది: “పరిగెత్తద్దని కాదత్తయ్యా. మాట్లాడుతూ పరిగెత్తేంత వేగమే ఉండాలని, మాట తడబడితే వెంటనే ఆగి నడవాలని డాక్టరుగారు అన్నారు కదా. ఒక్కరే వెళ్తే ఎవరితో మాట్లాడతారు? పోనీ నేను వెళ్దామంటే వీధి చివరికే ఆయాసం. మాట్లాడాల్సింది ఆయన, రొప్పేది నేను.”

“మాటలే కావాలంటే మీ అత్తయ్యని మించినవాళ్లు ఎవరమ్మా?” అన్నాడు మామగారు పేపరు వెనక నుంచి. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

ఆమె ఆయన్ని కోప్పడలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. ఆయన లేసులు తీసి అరచేతిలో పెట్టాడు.

కొడుకు పక్కనే చతికిలబడి ఒక బూటు అందుకుంది. లేసు కొస రంధ్రంలోకి దూరనంటోంది. అతను సాయానికి చెయ్యి చాపితే విసురుగా తోసేసింది.

“చెవిలో పెట్టుకుని మాట్లాడేది ఉందిగా నీ దగ్గర?” అంది తల ఎత్తకుండానే.

“ఉందమ్మా.”

“చిన్నప్పుడు పదమూడో ఎక్కం ఎగ్గొట్టి తిరిగావు. అక్కణ్నుంచి మొదలుపెడదాం. నేను అడుగుతుంటాను, నువ్వు గట్టిగా చెబుతూ ఉండాలి.”

“తప్పు చెబితే?”

“తప్పు చెప్పినా పరవాలేదు. చెప్పడం మాత్రం ఆపకు నాన్నా.”

అతను తల తిప్పేసుకున్నాడు. భుజాలు కదులుతుంటే తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోడలు కొంగుతో కళ్లొత్తుకుంటూ, “అట్టలు సాయంత్రం తెచ్చేస్తాను,” అంది.

తల్లి రెండో బూటుకి ముడి వేసి, జతగా గుమ్మం దగ్గర పెట్టింది. అందరూ చూసే చోట. లేచి చీర సర్దుకుంది.

“రేపట్నుంచి పొద్దున్న కాఫీ ఎవరికి వాళ్లే పెట్టుకోండి,” అంది నెమ్మదిగా. “వాడు గుమ్మంలోకి వచ్చేదాకా నేను ఫోన్లో ఉంటాను.”