ముప్పై ఎనిమిది ఎక్స్‌లు

డాక్టర్ ఎల్స్‌వర్త్‌ను ఫిలడెల్ఫియాలో, బ్రాడ్ స్ట్రీట్ మీద, పట్టపగలే కారుతో గుద్ది చంపారు.

ఆయన చేసిన నేరం ఒక్కటే. ఏ పరిశోధనను ఎవరెవరు ఉదహరించారో చెప్పే సూచిక ఒకటుంది. మెచ్చుకుని ఉదహరించినా, చెత్త అని ఉదహరించినా అందులో ఒకటే లెక్క, ఒక్కో ఉదహరింపుకు ఒక్కో చిల్లుల కార్డు. అది సూచిక కాదు, గుడ్డివాడి చేతి దీపం. తప్పని రాసిన ప్రతివారి కార్డు మీదా ఎక్స్ గుర్తు పడాలని పట్టుబట్టి వేయించాడు ఎల్స్‌వర్త్.

"సోల్వరిన్ అనే జ్వరం మందు," గూఢచారి శాఖ చీఫ్ హాడన్ చెప్పాడు. "దాని మీది వ్యాసాన్ని నలభైమంది ఉదహరించారు. ముప్పై ఎనిమిది మంది అది పసిపిల్లల గుండె ఆపుతుందన్నారు. ఆ ఎక్స్‌లు పోతే డాక్టర్లకు కనబడేవి నలభై పొగడ్తలు. మందు అమ్మేది విదేశీ ముఠా. ఇవాళ మూడింటికి కార్డులు కంప్యూటర్ టేపుకెక్కుతాయి."

"లోపల మనవాళ్లెవరు?" అన్నాడు ఏజెంట్ రే కోవాల్చిక్.

"వివియన్ లాస్కో. కళ్లు మూసుకుని నమ్ము."

రే మెకానిక్ వేషంలో సూచిక ఆఫీసుకు వెళ్లాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా. ముత్యాల హారంతో వివియన్ నవ్వింది.

"కార్డులన్నీ నేనే సరిచూశాను, డార్లింగ్. ఎక్స్‌లు భద్రం."

టైము రెండూ యాభై. పంచింగ్ గదిలో ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్న ఎర్నెస్టీన్ గాస్కిన్స్ సోల్వరిన్ కార్డుల పెట్టె అంచున బొటనవేలు జార్చింది. వేలు ఆగింది.

"ఏమయ్యా మెకానిక్కూ, ఇట్రా. ఒకరు కొట్టిన కార్డును రెండోవాళ్లు మళ్లీ కొడతారు. రెండూ కలిస్తే మిషనే అంచున చిన్న కాటు పెడుతుంది. ఈ ముప్పై ఎనిమిదికీ కాటు లేదు. ఎవరమ్మా సరిచూసింది, నీ ముత్యాలా?" అంది గుమ్మంలో నిలబడ్డ వివియన్‌తో.

ఈ గదిలో ఆడవాళ్లతో ఒక్కపూట మాట్లాడినా వివియన్‌కు ఆ సంగతి తెలిసేది. ఆమె ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

వివియన్ చేతిలో లిప్‌స్టిక్ పైకి లేచింది. అది పిస్తోలు. ఎర్నెస్టీన్ గుమ్మం పక్కనున్న ఇనుప సొరుగు లాగి ఆమె మోకాలికి కొట్టింది. గుండు కప్పుకు తగిలింది. రే వివియన్ చెయ్యి విరిచిపట్టి హ్యాండ్‌బ్యాగ్ బోర్లించాడు. ముఠాకు రుజువుగా చూపడానికి దాచిన అసలు కార్డులు నేల మీద పడ్డాయి.

"నిలబడి చూస్తావేం, ఏరు," అంది ఎర్నెస్టీన్.

మూడింటికి ఇరవై సెకన్లుందనగా చివరి కార్డు పెట్టెలో దూరింది.

హాడన్ రాసిన నివేదికలో ఎర్నెస్టీన్ పేరు లేదు. తన తెలివిని మాత్రం హాడన్ తొమ్మిదిచోట్ల ఉదహరించుకున్నాడు. రే తొమ్మిదింటి పక్కనా ఎక్స్ వేసి వాషింగ్టన్‌కు పంపాడు.