మాటలు మోసే యువరాజు

కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో యజమాని జగన్నాథరావు గారు నవ్వడమే యువరాజు కొంప ముంచింది.

అసలు ఆయన నవ్వాల్సిన సందర్భమే కాదది. ఎదురుగా నిలబడ్డ జయశ్రీ చేతులతో, కనుబొమలతో, మొహమంతటితో ఆయన్ని కడిగి పారేస్తోంది. జయశ్రీకి పుట్టినప్పటినుంచీ వినబడదు. పలాసలో బధిర యువతకు సైగల భాషా, కంప్యూటరూ నేర్పి ఉద్యోగాలు చూపించే కేంద్రం ఒకటుంది. ఊళ్లో అందరూ దాన్ని సైగల బడి అంటారు. జయశ్రీ అక్కడే చదువుకుని, ఇప్పుడు అక్కడే నేర్పుతోంది. ఆమె సైగల్ని నోటి మాటలుగా మార్చి చెప్పడానికి కొత్తగా చేరిన ఇంటర్‌ప్రెటర్ మన యువరాజు. పేరుకే యువరాజు, మనిషి మాత్రం బక్కపలచగా, పెద్ద గాలొస్తే పట్టుకోవాల్సినట్టుంటాడు.

"మా బడి అమ్మాయిల్ని పప్పు ఏరే దగ్గరే కూర్చోబెట్టారు. వినబడదని మిషన్ల వైపు రానివ్వరు. మీ సూపర్‌వైజర్‌కి రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి. ఎవరి మాటైనా వింటాడా?" అంది జయశ్రీ చేతులతో.

యువరాజు గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మాయిలకి మిషన్ పని కూడా ఇప్పిస్తే సంతోషిస్తామండీ."

"చూద్దాంలేమ్మా" అని జగన్నాథరావు గారు హాయిగా నవ్వారు.

జయశ్రీ ఆ నవ్వు చూసింది. తర్వాత యువరాజు వైపు తిరిగింది. "ఆయన ఎందుకు నవ్వాడు?"

"మంచివాడు కదా."

"నేను తిట్టాను. తిడితే నవ్వే మనిషి ఉండడు. నువ్వేం చెప్పావు?"

"కొంచెం మర్యాదగా..."

"నా కోపంలో పంచదార కలపమని నిన్నెవరడిగారు? మళ్లీ చెప్పు. అన్నది అన్నట్టు చెప్పు."

చెప్పాడు. జగన్నాథరావు గారి నవ్వు ఎగిరిపోయింది. కానీ విచిత్రం చూడండి, ఆయన కాసేపు మొహం గంటు పెట్టుకుని, ఆనక సూపర్‌వైజర్‌ని పిలిచి, అమ్మాయిలకి రేపటినుంచి మిషన్ పని నేర్పమన్నారు.

బడికి వచ్చాక యువరాజుకి రెండో విడత అక్షింతలు పడ్డాయి. వేసింది వాళ్ల అక్క జానకి. ఆమెకీ వినబడదు. ఆ బడి నడిపేది ఆమే. అక్కతో మాట్లాడాలనే వాడు చిన్నప్పుడు సైగలు నేర్చుకున్నాడు.

"గదిలో ఎవరేమన్నా అవతలి వాళ్లకి చేరాలి. కలపకూడదు, కొయ్యకూడదు. ఆమె 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. నీ సొంత మాట ఇంటి దగ్గర చెప్పుకో" అంది జానకి.

ఇక ఆ రోజునుంచి జయశ్రీ, యువరాజు కలిసి తిరగని ఊరు లేదు. టెక్కలి కాలేజీలో మీటింగులు, సోంపేట ఆసుపత్రిలో పిల్లల చెవుల పరీక్షలు, ఉద్దానం పల్లెల్లో కొబ్బరితోటల మధ్య ఇల్లిల్లూ తిరిగి, వినబడదని బడి మాన్పించిన పిల్లల్ని వెతకడం. ఆ పిల్లల కోసం సోంపేటలో కొత్త క్లాసు పెట్టబోతున్నారు. దానికి టీచరు జయశ్రీ. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూడటం కోసం యువరాజు రోజూ ఏదో వంకన ఆ క్లాసు ఊసెత్తేవాడు.

ఒక సాయంత్రం సోంపేటలో బస్సు దిగేసరికి వాన దంచేస్తోంది. ఉన్నది ఒక్క గొడుగు. యువరాజు ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో బొమ్మల అట్టల సంచి పట్టుకున్నాడు. ఇంకేముంది, సైగ చేయడానికి చెయ్యి మిగల్లేదు.

జయశ్రీ ఆ సంగతి కనిపెట్టేసింది. గొడుగు కిందే అతనికి ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ మొదలెట్టింది. "నీ జుట్టు ఎవరు కత్తిరించారు? ఆయన మీద కేసు పెట్టావా? నిన్న బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోయావు. ఫొటో తీశాను."

యువరాజు తల అడ్డంగా ఊపాడు. అంతకంటే ఏం చేయగలడు?

"చెప్పుకోవడానికి ఏం లేదా? పాపం, ఇవాళ నోరు లేనిది నీకే" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో వెనక బురదగుంట చూసుకోలేదు. యువరాజు సంచి వదిలేసి చెయ్యి పట్టుకున్నాడు. అట్టలన్నీ నీళ్లపాలు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఆటోస్టాండు వచ్చేదాకా వాడు వదల్లేదు, ఆమె అడగనూ లేదు.

అంత జరిగాక కూడా మన వీరుడు మనసులో మాట చెప్పలేదు. పొద్దస్తమానం పరుల మాటలు చెప్పీ చెప్పీ, సొంత మాట దగ్గరికొచ్చేసరికి నాలుక మడతపడేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే, జయశ్రీ నాన్న ఢిల్లీరావు ఓ ఉదయం బడికి వచ్చాడు. సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు పల్లెలో చేపల పడవ నడిపే మనిషి. భార్య పోయాక తల్లి అప్పలమ్మా, తనూ కలిసి పిల్లని పెంచారు.

"బావూ యువరాజూ, మా గుంట జయశ్రీకి సమ్మందం వచ్చింది. టెక్కలోలు. అబ్బాయికి సెల్లుల షాపుంది. సుక్కురారం సూడ్డానికొత్తన్నారు. నువ్వు రావాల."

"నేనెందుకండీ?"

"ఎందుకేటి? ఇదివరకు సూడ్డానికొచ్చినప్పుడు అది బొమ్మలాగ కూకుంది. అది రాసి సూపిత్తే నాకు సదవడం రాదు. నువ్వుంటే దాని మాట దానికుంటాది గదా."

యువరాజు అలవాటుగా అదంతా సైగల్లో పెట్టాడు. జయశ్రీ దూరం నుంచి చూస్తోంది. దగ్గరికొచ్చి అంది. "నువ్వు వస్తేనే నేను కూర్చుంటాను. ఆ క్లాసు పోతే నేను బతకలేను. నా మాట ఒక్కటీ పొల్లు పోకూడదు."

వెళ్లనంటే ఆమె మళ్లీ బొమ్మలా కూర్చోవాలి. వెళ్తే తన నోటితోనే తను ప్రేమించిన పిల్ల పెళ్లి కుదర్చాలి. వెళ్లాడు. ప్రేమంటే అంతే మరి, బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు.

శుక్రవారం నాడు ఢిల్లీరావు ఇంటి ముందు తాటాకు పందిట్లో కుర్చీలు వేశారు. పెళ్లికొడుకు దుర్గాప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో బుద్ధిగా కూర్చుని సెల్లు చూసుకుంటున్నాడు. వాళ్లమ్మ పకోడీలు తింటూ పిల్లని ఎగాదిగా చూసి, పక్కనున్న తోడికోడలి చెవిలో అంది.

"నోరు లేని కోడలైతే ఇంట్లో గొడవుండదొలే. ఎదురు మాటాడదు గదా."

యువరాజు విన్నాడు. చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. జయశ్రీ అతని మొహం చూసి అడిగింది. "ఏమంది?"

"పకోడీలు బాగున్నాయంది."

"యువరాజూ!"

ఇక తప్పదు. ఉన్నదున్నట్టు చేతుల్లో పెట్టాడు. జయశ్రీ చీర కొంగు సర్దుకుని, ఆవిడ వైపు తిరిగి తాపీగా జవాబిచ్చింది. యువరాజు గొంతు వినిపించింది.

"ఎదురు మాట్లాడతానండీ అత్తయ్యగారూ. రెండు చేతులతోనూ మాట్లాడతాను."

ఆవిడ చేతిలో పకోడీ ఆగిపోయింది. "నానేదో సరదాకన్నాను, అదీ సెప్పీసినావేటయ్యా?"

అది కూడా చెప్పేశాడు. అప్పలమ్మ నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సరే" అంది పెళ్లికొడుకు తల్లి గట్టిగా. "పెళ్లయ్యాక ఆ సోంపేటా అదీ తిరగడం కుదరదు. ఇంటిపట్టునుండాల."

జయశ్రీ ఆమెకి జవాబివ్వలేదు. పెళ్లికొడుకునే అడిగింది. యువరాజు చెప్పాడు. "మీరు చెప్పండి. నాతో మాట్లాడటానికి సైగల భాష నేర్చుకుంటారా?"

దుర్గాప్రసాద్ సెల్లు పక్కన పెట్టి, పాపం నిజాయితీగానే ఆలోచించాడు. "షాపుతో తీరదండీ. అయినా ఎందుకు? చెప్పడానికి ఇతనున్నాడు గదా."

"అంటే పెళ్లయ్యాక ఇతను కూడా మనింట్లోనే ఉంటాడా?"

"అవసరమైనప్పుడు పిలుద్దాం."

జయశ్రీ చేతులు ఒక్క క్షణం గాల్లో ఆగాయి. తర్వాత కదిలాయి. యువరాజు నోరు తెరిచి మూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పు. కొయ్యకు" అంది ఆమె.

వాడు నేల చూపులు చూస్తూ అన్నాడు. "రోజూ నాతో మాట్లాడేది ఇతనే అయితే... ఇక మీరెందుకండీ?"

ఆ వెంటనే కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. టెక్కలోళ్లు ఎంత విసురుగా లేచారంటే, పకోడీల పళ్లెం ఇసకలో బోర్లాపడింది. దుర్గాప్రసాద్ మాత్రం వెళ్తూ వెళ్తూ యువరాజు భుజం తట్టి, "ఆల్ ది బెస్ట్ బ్రదర్" అన్నాడు.

ఆటో కనుమరుగయ్యేదాకా ఆగి ఢిల్లీరావు విరుచుకుపడ్డాడు.

"ఏటిరా నువ్వు సేసింది? అది అలాగందా? నువ్వు కలిపీసినావు! నా కూతురి నోట్లో నీ మాట ఎట్టీసినావు!"

"లేదండీ మావయ్యా, ఒట్టు! ఒక్క మాట కలపలేదు."

"మావయ్యంటాడు సూడు! అడుగు దాన్ని. నీ మనసులో ఏటుందో సెప్పమని అడుగు, నా ముందరే."

యువరాజు చేతులు లేచాయి. లేచి, దిగిపోయాయి.

"నేను అడగనండీ. ఈ ఒక్కదానికి నేను పనికిరాను. నేను జయశ్రీని ప్రేమిస్తున్నాను. ఆమె అవునన్నా, కాదన్నా, నా నోటితో చెబితే మీరెందుకు నమ్మాలి? నమ్మకూడదు. మీ కూతుర్ని మీరే అడగాలి."

అని, చెప్పిందంతా జయశ్రీకి సైగలతో చెప్పాడు. గదిలో అన్నది అవతలి వాళ్లకి చేరాలి కదా. వాడి మనసులో మాట ఆమెకి అలా చేరింది, ఇన్నాళ్లకి, ఇంత గొడవ మధ్య. చెప్పేసి పందిరి దాటి వెళ్లి, వాళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు.

ఢిల్లీరావుకి ఏం చేయాలో తోచలేదు. తినమనీ, పడుకోమనీ తప్ప కూతురితో మాట్లాడటం ఆయనకి రాదు. చేతులు పైకెత్తాడు, దించాడు. జయశ్రీ కళ్లు ఆయన చేతుల మీదే ఉన్నాయి.

ఆ చేతులకి వచ్చినదల్లా సముద్రమే. పడవలో ఇంజను మోతకి మాట వినబడదు. జాలర్లు వల లాగాలా, వదలాలా అన్నది చేతులతోనే అడుగుతారు, చేతులతోనే చెప్పుకుంటారు. ఒడ్డున నిలబడి చిన్నప్పటినుంచీ జయశ్రీ చూసిన సైగలవి.

ఢిల్లీరావు గడ్డంతో యువరాజు వీపు వైపు చూపించాడు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తెరిచి కిందికి జార్చాడు. వదిలెయ్యనా?

జయశ్రీ తల అడ్డంగా ఊపింది.

పిడికిళ్లు బిగించి రొమ్ము దాకా తెచ్చాడు. లాగనా?

జయశ్రీ రెండు పిడికిళ్లూ బిగించి, కాళ్లు ఇసకలో పాతి, గాజులు గలగలమనేలా లాగింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ లాగింది. కళ్లవెంట నీళ్లు, మొహం నిండా నవ్వు.

"ఓలమ్మా, నెమ్మదొలే! అలాగ లాగితే గుంటడు ఇరిగిపోతాడు!" అంది అప్పలమ్మ.

ఢిల్లీరావు తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అవి ఒత్తుకున్నకొద్దీ కారుతున్నాయి.

"సూసినావేటే అమ్మా? నాను అడిగినాను, అది సెప్పింది. మజ్జిలో ఎవులూ నేరే!" అన్నాడు తల్లితో. ఆ ఆనందంలో పెళ్లి సంగతి కాసేపు మర్చిపోయాడు కూడా.

అప్పలమ్మే గుర్తు చేసింది. "మరి ఆ గుంటడు అక్కడే నిలబడ్డాడు. ఆడికి సెప్పీదెవులు?"

"నువ్వుండే. నాను సెప్తాను" అని ఢిల్లీరావు రెండు అంగల్లో వెళ్లి యువరాజుని భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. నోటితో అనొచ్చు కదా, అనలేదు. కొత్తగా వచ్చిన విద్య ఊరుకోనిస్తుందా? పిడికిళ్లు బిగించి, కాబోయే అల్లుడి మొహం మీదే బలంగా లాగి చూపించాడు.